గాజునకు తోడు

విజ్ఞానశాస్త్రమును మాతృభాషలో చెప్పుటకు తగిన పదములు లేవను మాట మన కళాశాలలలో తరచుగా వినవచ్చుచున్నది. మేము తెలుగు బోధించువారము. రసాయనశాస్త్రము మా వృత్తి కాదు. అయినను ఈ వాదమును అంగీకరింపజాలము.

ఇటీవల ఒక సదస్సులో ఒక విద్యార్థి, సోల్-జెల్ పద్ధతిని చేసిన గాజును అదుపుతో స్ఫటికీకరించు విధానమును ఆంగ్లమున ధారాళముగా అప్పగించెను. ‘న్యూక్లియేషన్’ అనగా నేమో ఇంటిభాషలో చెప్పుమనగా మౌనము వహించెను. లోపము అతనిది కాదు. ఇంటిభాషలో ఆలోచింపుమని అతనిని మనమెన్నడు అడిగితిమి?

నిజమునకు ఈ విషయము మన వంటయింటికి దూరమైనది కాదు. సిలికాను కరిగించి గాజు చేయుటకు సుమారు 1700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. సోల్-జెల్ పద్ధతిలో సిలికాన్ సమ్మేళనమును ఆల్కహాలుతోను నీటితోను కలిపినచో, సూక్ష్మకణము లేర్పడి, పెనవేసికొని, జున్నువలె గడ్డకట్టును. దానిని మెల్లగా ఆరబెట్టవలెను. తొందరపడినచో ఎండిన చెరువువలె బీటలువారును. పిదప 1000 డిగ్రీలు దాటిన వేడిలో రంధ్రములు పూడి గాజగును. రంధ్రములు పూడకమునుపే స్ఫటికములు పెరిగినచో ఆ పూడిక కుంటుపడును. అదుపు అవసరమైనది ఇక్కడనే.

మామూలు గాజు స్ఫటికీకరించునపుడు సాధారణముగా పైపొరనుండి పెద్ద పలుకులు పెరిగి, అది పెళుసుబారును. లోపల అంతటను బీజములు ముందే ఉన్నచో సన్నని పలుకులు ఒక్కసారిగా పుట్టి బలము చేకూర్చును. 1953లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ స్టూకీ 600 డిగ్రీలకు పెట్టిన కొలిమి పొరపాటున 900కు చేరెను. గాజు కరిగిపోయి యుండునని ఆయన తలచెను. కాని తెల్లని పలక కనబడెను. పట్టుకారునుండి జారి నేలపై పడియు పగులలేదు. అందులోని అతిసూక్ష్మ వెండికణములే బీజములైనవి.

ఈ బీజమునకు మన ఇండ్లలో పేరు కలదు. తెలుగున ‘తోడు’, ఉర్దూలో ‘జామన్’. ఉపమానమునకు హద్దు ఉన్నది: పెరుగుతోడులో జీవులుండును, గాజుబీజములో ఉండవు. ఆ భేదమును కూడ చెప్పగలిగిన విద్యార్థియే విషయమును గ్రహించినవాడు.

మన ప్రాంతమున ఇది కొత్త ఆలోచన కాదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించెను. అందులకై అనువాద శాఖనే నెలకొల్పిరి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడెను. పదములు లేవనువారు ఆ గ్రంథములను తెరచి చూడవలెను.

ఆంగ్లమును వలదనుట మా అభిమతము కాదు. ఉన్నతవిద్యకు, ఉద్యోగమునకు అది కావలసినదే. కళాశాల సంఘమువారిని మేము కోరునది స్వల్పము. నెలకొక్క సాయంకాలము సైన్సు విద్యార్థులు తమ పాఠమును తెలుగునగాని ఉర్దూలోగాని ఇతర శాఖలవారికి వివరింపవలెను. వానిలో మేలైనవానికి ఈ సంచికలో నాలుగు పుటలు కేటాయింపవలెను. ఇందుకు ఖర్చు లేదు. శ్రోతలలో మొదటి వరుసన మేము కూర్చుందుము. అర్థము కానిచోట నిస్సంకోచముగా అడుగుదుము.