బీరువాలోని భూగర్భశాస్త్రం

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, మా శాఖ గొప్పలు రాస్తాననుకొని ఉంటాడు. గొప్పలు లేకపోలేదు. మా మ్యూజియంలో మంగంపేట ముగ్గురాయి ఉంది. చూడటానికి బూడిదరంగు మామూలు రాయే. నీటికి సుమారు నాలుగున్నర రెట్లు బరువు గనుక, చేతికిస్తే ఆర్ట్సు విద్యార్థులు సైతం "అమ్మో!" అంటారు. కాని ఎవరి చేతికీ ఇవ్వరు. బీరువాకు తాళం.

గత సంవత్సరం ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. రాతి సెక్షన్ ఎలా చేస్తారో చెప్పమన్నారు. గడగడా చెప్పాను. రాతిని పలచగా కోసి, ఒక ముఖాన్ని గాజుపలకమీద కార్బొరండం పొడితో అరగదీసి, కెనడా బాల్సంతో స్లైడుకు అంటించి, రెండో ముఖాన్ని 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీయాలి. అప్పుడు రాతిగుండా వెలుతురు పోతుంది. మందం సరిపోయిందని చెప్పేది స్కేలు కాదు, రాతిలోని క్వార్ట్జు. క్రాస్డ్ నికాల్స్ కింద అది బూడిద తెలుపుగా కనబడాలి. పసుపుగా ఉంటే ఇంకా అరగదీయాలి.

"బాగుంది. నువ్వెన్ని చేశావమ్మా?" అన్నారాయన.

"ఒక్కటీ లేదు సార్."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

మా శాఖలో సెక్షన్ కోసే యంత్రం లేదా అంటే, ఉంది. గ్రాంటు డబ్బుతో కొన్నదే. ప్రారంభోత్సవంనాడు పెట్టిన కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు. బ్లేడు అరిగిపోయింది. యంత్రం కొనడానికి డబ్బు మంజూరవుతుంది గాని బ్లేడుకు, పొడికి ఏ పద్దులోనూ చోటుండదు. సెక్షన్లు చేసే ఉద్యోగి రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది. ఇక మైక్రోస్కోపులు: ఇరవైరెండుమందికి నాలుగు. దిక్సూచి, వాలుకొలత ఫోనులోనే ఉన్నాయి గదా అంటారు కొందరు. ఉన్నాయి, తొందరకు పనికొస్తాయి. ఫోనులో రాతిని కోయలేముగా!

లెక్చరర్లను నిందించడం నా ఉద్దేశం కాదు. వస్తువు పగిలితే స్టాకు రిజిస్టరు ముందు నిలబడవలసింది వాళ్లే. వాడితే అరుగుతుందని భయం, పగిలితే జీతంలో కోత పడుతుందని భయం. అందుకని పరికరాలు కొత్తగానే ఉంటాయి, మేమూ కొత్తగానే బయటికి వెళ్తాం.

ఈ జనవరిలో మేం నలుగురం చందాలు వేసుకొని మోటారు మెకానిక్కులు వాడే వాల్వు గ్రైండింగు పేస్టు కొన్నాం. అందులో ఉండేదీ కార్బొరండమే. కొత్త బ్లాకు కోసం తోలిన కంకరలోంచి ఒక గ్రానైటు పెచ్చు ఏరుకొచ్చి, బాల్సం బదులు ఆరల్డైటుతో అంటించి, హాస్టల్ వరండాలో మూడువారాలు సాయంత్రాలు అరగదీశాం. మొదటిది విరిగింది. రెండోది ఒక అంచున పలచబడి, మిగతాచోట మందంగా మిగిలింది. ఆ అంచున మాత్రం క్వార్ట్జు బూడిదరంగులోకి దిగింది. మైక్రోస్కోపు దగ్గర నలుగురం తోసుకున్నాం. లోపలికొచ్చిన మాస్టారు కేకలేస్తారనుకుంటే, కళ్లద్దాలు తీసి ఆయనే చాలాసేపు చూశారు.

పూర్వవిద్యార్థులు పెద్ద యంత్రాలేవో బహూకరిస్తామంటున్నారని విన్నాను. మహాప్రసాదం. కాని ముందుగా ఒక డైమండ్ బ్లేడు, నాలుగు రకాల కార్బొరండం పొడి, కాస్త బాల్సం ఇప్పించండి. బీరువా తాళంచెవి సంగతి మేం మాస్టారితో మాట్లాడుకుంటాం.