కనమన్నారు సరే, ఎత్తుకునేదెవరు?

మా చిన్నతనంలో ఆస్పత్రి గోడమీద ఎర్ర త్రికోణం వుండేది. దాని పక్కన నవ్వుతూ అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలూ. మూడోబిడ్డని చంకనేసుకుని ఆ గోడ ముందునుంచి నడిచే ఇల్లాలు తప్పు చేసినదానిలా తలొంచుకునేది. అది చాలదన్నట్టు, ఇద్దరికి మించి కన్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడడానికే వీల్లేదని ఆంధ్రప్రదేశ్‌లో 1994లో చట్టం చేశారు. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి గాలి మళ్ళింది. 2024 నవంబరులో ఆ నిబంధనని అసెంబ్లీయే తీసిపారేసింది. పిల్లలు తగ్గిపోతున్నారు, ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, ఇంకా కనండమ్మా అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారే సభల్లో చెప్పారు.

లెక్క తప్పని నేననను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక్కో స్త్రీకి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా వుండాలంటే 2.1 వుండాలిట. వుండాలనే అనుకుందాం. కానీ వద్దన్నప్పుడూ మనల్ని అడగలేదు, కావాలన్నప్పుడూ మనల్ని అడగలేదు. పోనీ, అడక్కపోయినా ఫరవాలేదు, కన్నాక ఆ బిడ్డని ఎవరెత్తుకుంటారో చెప్పమనండి.

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 12 వారాల సెలవుని 26 వారాలు చేశారు. మంచిపని, మెచ్చుకోవాలి. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మూడో కాన్పుకి పాత పన్నెండు వారాలే! మూడోవాడు తొందరగా పెరుగుతాడని కాబోలు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగినులకి ఎన్నో కాన్పయినా పూర్తి సెలవిస్తామని 2025 మార్చిలో ముఖ్యమంత్రిగారు ప్రకటించారు. బట్టల షాపులో పనిచేసే అమ్మాయికి ఆ ప్రకటనతో ఏం పని?

సరే, ఆర్నెల్లూ అయ్యాయి. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసులో వుండాలి. బిడ్డ ఇంకా బోర్లాపడడం నేర్చుకుంటోంది. ఎక్కడ పెట్టాలి? యాభైమంది, అంతకు మించి పనిచేసేచోట యజమాని క్రెష్ ఏర్పాటు చెయ్యాలని 2017 సవరణ చెప్పింది. తర్వాత వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే మాట. మన ఆడపిల్లల్లో ఎంతమంది యాభైమంది వున్నచోట పనిచేస్తున్నారు? వీధి చివరి నర్సింగ్ హోములో నర్సు, సందులో కాన్వెంటు టీచరమ్మ, చీటీల కంపెనీలో గుమాస్తా... వీళ్ళెవరూ ఆ లెక్కలోకి రారు. క్రెష్ వున్నచోట రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలని కూడా రాశారు. ఎవర్ని? తల్లిని. అదే కంపెనీలో తండ్రి పనిచేస్తూంటే ఆయనకి బిడ్డ మొహం చూడాలని వుండదు కాబోలు!

పైగా సెలవు జీతమూ, క్రెష్ ఖర్చూ యజమాని నెత్తిన పెట్టారు. ఇ.ఎస్.ఐ. వున్నచోట సెలవు డబ్బు ఆ నిధినుంచి వస్తుంది, తక్కినచోట జేబులోంచి తియ్యాలి. అందుకే ఇంటర్వ్యూలో మన పిల్లని డిగ్రీ మార్కులు అడగరు, “పెళ్ళయిందా? పిల్లలెప్పుడు?” అని అడుగుతారు. ప్రసూతి ఖర్చు ఒక్క యజమాని మీదే పెట్టకండి, బీమానుంచో ప్రజల నిధినుంచో ఇవ్వండి అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే ఒక ఒప్పందం రాసింది. మనదేశం దానిమీద సంతకం పెట్టలేదు.

మరి ఇన్నాళ్ళూ బండి ఎలా నడుస్తోందంటారా? అమ్మమ్మ నడుపుతోంది. ఏ జీవోలోనూ కనిపించని అసలు ప్రభుత్వ పథకం అమ్మమ్మే. మోకాళ్ళనొప్పులూ, బీపీ మాత్రలూ సంచీలో వేసుకుని, తాతగారిని ఊళ్ళో కర్రీ పాయింటుకి అప్పగించి, హైదరాబాదు బస్సెక్కుతుంది. కూతురు అమెరికాలో వుంటే ఆర్నెల్లు అమ్మమ్మ, ఆర్నెల్లు నాయనమ్మ, డ్యూటీ మారినట్టు. ముసలివాళ్ళు పెరిగిపోతున్నారని బెంగపడే ప్రభుత్వం, ఆ ముసలివాళ్ళ చేతే జీతం భత్యం లేని చాకిరీ చేయిస్తోంది. అత్తగారికి ఓపిక లేకపోతే, అమ్మ కన్నుమూస్తే, ఇక ఆ ఇంట్లో ఉద్యోగం మానేది ఎవరో నేను చెప్పాలా?

2025 జూన్‌లో ఆంధ్రలో ‘తల్లికి వందనం’ కింద బడికెళ్ళే పిల్లల తల్లులకి డబ్బు వేశారు. ఎందరో తల్లులకి అది అక్కరకొచ్చింది, కాదనను. కానీ అది ఒకటో తరగతినుంచి. ఆరో నెలకీ ఆరో ఏడుకీ మధ్య ఏ తల్లికైనా ముందు కావలసింది బిడ్డని నమ్మి అప్పగించే చోటు. డబ్బు బిడ్డని ఎత్తుకోదు.

ఆ చోటు కొత్తగా కట్టనక్కర్లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకంతో వచ్చిన అంగన్‌వాడీలు దేశంలో ఇప్పుడు దాదాపు 14 లక్షలు. ఉడికించిన గుడ్డూ, పాలూ, ఆటపాటలూ అన్నీ వున్నాయి. అయితే బడి పాఠాలు మూడేళ్ళు నిండిన పిల్లలకే, ఆఫీసు వదలకముందే తలుపుకి తాళం. అంగన్‌వాడీలోనే ఆర్నెల్ల పిల్లలకి కూడా క్రెష్ నడిపే ‘పాల్నా’ పథకం కేంద్రం పెట్టింది. పెట్టుకున్న లక్ష్యం 17,000. అంటే ఎనభై అంగన్‌వాడీలకి ఒకటి!

ఇవన్నీ సాయంత్రం ఆరున్నరదాకా తెరిచి వుంచండి. ఉన్న టీచరు నెత్తినే ఆ గంటలు కూడా రుద్దకండి, పసివాళ్ళకోసం వేరే మనిషిని పెట్టండి. ఆవిడకిచ్చేదాన్ని ఇప్పటికీ గౌరవవేతనం అంటారు, గౌరవమెక్కువ, వేతనం తక్కువ. 2018లో కేంద్రం తన వంతు పెంచితే నెలకి 4,500 అయింది. 2023 డిసెంబరులో ఆంధ్రలో వాళ్ళు జీతాలకోసం 42 రోజులు సమ్మె చేస్తే, అత్యవసర సేవల చట్టం, ఎస్మా, ప్రయోగించారు. అంత అత్యవసరమైన సేవని తెలిసినవాళ్ళకి, జీతం దగ్గర ఆ సంగతి గుర్తుకు రాలేదు.

ఈసారి ఓటడగడానికి వచ్చి, మన చంటిదాన్ని ఎత్తుకుని ఫోటో దిగే పెద్దమనిషిని వెంటనే దింపనివ్వకండి. ఎత్తుకోనిచ్చే అడగండి: మా వీధిలో క్రెష్ ఎక్కడ పెడుతున్నారు, సాయంత్రం ఎన్నింటికి మూస్తారు?