వీధి చెట్టు ఎవరి తోట?

చలికాలం పోతూ పోతూ మన బెంగళూరు రోడ్లకు గులాబీ రంగు పూసి పోతుంది. ఆ రెండు మూడు వారాలూ మన క్లాసులో ఎవరి స్టేటస్ చూసినా ఒకటే చెట్టు, టబెబుయా. బస్సు కిటికీలోంచి తీసినవి కొన్ని, ఫ్లైఓవర్ మీంచి తీసినవి కొన్ని, చెట్టు కింద నిలబడి పూలు పైకి ఎగరేస్తూ తీయించుకున్నవి కొన్ని. నేనూ తీశాను, బాగానే వచ్చాయి. ఫోటోల మీద నాకేం కోపం లేదు. వాటి కింద మనం రాసే మాట ఒకటుంది చూడండి, "ఈ ఊరి అదృష్టం" అని, దాని మీదే నా పేచీ.

అదృష్టం అంటే అడక్కుండా వచ్చేది. ఈ పూలు అలా రాలేదు. ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి, గుంత తీసి, మొక్క నాటి, నీళ్ళు పోయిస్తే వచ్చాయి. జర్మనీ నుంచి వచ్చిన క్రుంబిగెల్ అనే ఉద్యానశాస్త్రవేత్త 1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నాడు. ఒక జాతి చెట్ల పూత అయిపోయేసరికి ఇంకో జాతి పూతకు రావాలి, ఏడాదిలో ఏ నెలా ఊరు పూలు లేకుండా ఉండకూడదు అన్న పద్ధతి ఈ ఊరికి ఆయన పేరుతోనే వచ్చింది. ఆయన 1956లో ఇక్కడే కన్నుమూశాడు. తర్వాత 1980లలో నేగినహాళ్ అనే అటవీ అధికారి హయాంలో ఈ నగరంలో సుమారు 15 లక్షల మొక్కలు నాటించారు. ఈరోజు మనం ఫోటో తీస్తున్న చెట్లలో చాలావాటి వయసు మన అమ్మల వయసు కన్నా తక్కువే.

ఇంకో సంగతి. టబెబుయాది మధ్య, దక్షిణ అమెరికా. జాకరండాదీ దక్షిణ అమెరికాయే. ఎర్రగా మండిపోయే తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. మనలో సగం మంది తాతముత్తాతలు అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, కోలారు పల్లెల నుంచో వచ్చినవాళ్ళే కదా. ఎక్కడినుంచో వచ్చినంత మాత్రాన ఈ ఊరివి కాకుండా పోవు అని ఆ చెట్ల తరఫున మనమే చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం. మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు. కుండీలు పెడితే కింది గోడకు నీళ్ళు కారతాయని ఓనరు ఒప్పుకోరు. కిటికీలో ఒక తులసి మొక్క, అంతే మా తోట. మన క్లాసులో నాలాంటి వాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. పెద్ద బంగళాల వాళ్ళకు గేటు లోపల సంపెంగ ఉంటుంది, పారిజాతం ఉంటుంది. అపార్ట్‌మెంట్ల వాళ్ళకు మాలి ఉంటాడు. మాకు వీధి ఉంది. మా ఇంటి నుంచి కాలేజీ దాకా బస్సులో ముప్పావు గంట. అదే నా తోట. మార్చిలో జాకరండా ఊదారంగు, ఎండలు ముదిరితే తురాయి, చలి మొదలయ్యేసరికి తెల్లారి రోడ్డంతా ఆకాశమల్లె. ఒక్క పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే నేనంటాను, వీధి చెట్టు తోట లేనివాళ్ళ తోట. దాన్ని కొట్టేస్తే బంగళా వాళ్ళకు ఒక చెట్టు తగ్గుతుంది, మాలాంటి వాళ్ళకు తోట మొత్తం పోతుంది.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. ఉగాదికి అమ్మకు పచ్చడిలోకి వేపపువ్వు కావాలి, నాన్న వైపు వాళ్ళకు బేవు బెల్లలోకి అదే పువ్వు కావాలి. మార్కెట్‌లో పొట్లం కట్టి అమ్ముతారు, నిజమే. కానీ మా ఇంటికి పువ్వు మూడో క్రాస్ మలుపులో ఉన్న వేపచెట్టు నుంచే వస్తుంది. పండుగ ముందు రోజు మా వీధిలో కన్నడవాళ్ళు, తెలుగువాళ్ళు, తమిళం మాట్లాడే ఇస్త్రీ అతను, అందరం ఆ చెట్టు కిందే కలుస్తాం. మిగతా ఏడాదంతా ఎవరి ముఖం ఎవరికీ తెలీదు.

"పూల సంగతి తర్వాత, ముందు రోడ్లు కావాలి, మెట్రో కావాలి" అని మన క్లాసులోనే ఒకరు అన్నారు. నాకూ మెట్రో కావాలి. ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి కాళ్ళు పీకే బాధ నాకు తెలీనిదా? కానీ ప్రతిసారీ చెట్టే ఎందుకు పక్కకు జరగాలి, నక్షా కొంచెం జరగకూడదా అని అడగడం మన హక్కు. అడిగితే జరుగుతుంది కూడా. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా ఉక్కు వంతెన కడతామన్నారు. ఎనిమిది వందల పైచిలుకు చెట్లు పోతాయని తెలిసి, ఆ అక్టోబరులో వేలమంది ఒక ఆదివారం పొద్దున రోడ్డు పొడుగునా చేతులు పట్టుకుని నిలబడ్డారు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ పని మానుకుంది. మన రాష్ట్రంలో 1976 నుంచే చెట్ల రక్షణ చట్టం ఉంది. సొంత కాంపౌండ్‌లో ఉన్న చెట్టుకైనా సరే, మామూలుగా వృక్షాధికారి అనుమతి లేకుండా గొడ్డలి పెట్టకూడదు.

అందం అన్న మాట వినగానే అది తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారం అనుకుంటారు. నేను రోజూ బస్సు దిగే చోట ఒక పూలామె కూర్చుంటుంది. మల్లెలు, కనకాంబరాలు, మరువం, అరటినారతో కట్టిన దండలు. తెలుగులో అడిగితే మూర అంటుంది, కన్నడలో అడిగితే మొళ అంటుంది, కొలిచేది మాత్రం అదే మోచెయ్యి. ఆమె కూర్చునే చోట పెద్ద నిద్రగన్నేరు ఉండేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేశారు. ఇప్పుడు గొడుగు వేసుకుని కూర్చుంటోంది. "నీడ పోయినాక మధ్యాన్నానికే పూలు వాడిపోతాండాయమ్మా. ఎన్ని నీళ్ళు చల్లినా నిలవవు. సాయంత్రానికి అడిగినంతకే ఇచ్చేస్తాండా" అంది మొన్న. ఆమెకు ఆ చెట్టు నీడ అందం కూడా, అన్నం కూడా. రెంటినీ విడదీసి లెక్క కట్టే తీరిక ఆమెకు లేదు.

ఇక మన కాలేజీ మాట. సైకిల్ స్టాండ్ పక్కనున్న కానుగ చెట్టు మీ అందరికీ తెలుసు. కన్నడలో హొంగె అంటాం. ఎండల్లో దాని కింద నేలంతా బొరుగులు చల్లినట్టు పూలు రాలుతాయి. పొద్దున్నే ఊడ్చే ఆయాకు అది రెండింతల పని, ఆ మాట ఆమె మనకు చాలాసార్లు చెప్పింది. ఈ వేసవి సెలవుల్లో అక్కడ బండ్ల పార్కింగ్ కోసం సిమెంటు టైల్స్ పరుస్తారని విన్నాం. చెట్టును కొట్టరట, మొదలు దాకా టైల్స్ వేస్తారట. కొట్టకపోతే చాలదు. వేళ్ళకు నీరూ గాలీ అందకపోతే చెట్టు నిలబడే ఎండుతుంది. 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో, మొదలు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. మీటరు అంటే రెండు మూరల కన్నా కాస్త ఎక్కువ. పూలామె వేసే కొసరు ఉంది కదా, అంతే.

కాబట్టి నా మనవి ఇది. పార్కింగ్ కట్టుకోనివ్వండి, కానుగ చుట్టూ ఆ రెండు మూరల కొసరు మట్టి వదిలిపెట్టమని అందరం కలిసి అడుగుదాం. పూత రాలే ఆ నెల రోజులూ అక్కడ ఊడ్చే పని వంతులవారీగా మన రెండో సంవత్సరం వాళ్ళం చేస్తామని కూడా రాసిద్దాం. అడిగేవాళ్ళకు కొంచెం పని కూడా ఉండాలి, లేకపోతే మన మాటకు విలువ ఉండదు.

ఈ గోడపత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాను. ఒప్పుకునేవాళ్ళు సంతకం చేయండి. సంతకం పక్కన మీరు వచ్చే దారిలో కనిపించే ఒక చెట్టు పేరు రాయండి, తెలుగులో ఒకసారి, మీ ఇంట్లో మాట్లాడే ఇంకో భాషలో ఒకసారి. పేరు తెలీకపోతే ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రేపు రాయండి. పేరు తెలిసిన చెట్టును ఎవరైనా కొడుతుంటే ఊరుకోలేం, నా నమ్మకం అది. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకు జవాబు రాయండి, తప్పకుండా చదువుతాను. కాగితం శుక్రవారం దాకా ఉంటుంది. శనివారం మా మేడమ్‌తో కలిసి ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఇస్తాం.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని