తుప్పు వదిలించాక మిగిలే పని



వానలు మొదలైనప్పుడు మన పాన్‌గల్ సంఘంలోని ఒక పెద్దమ్మ పాత మడత చాకు తెచ్చి మా చేతిలో పెట్టింది. ఆమె భర్త వలస పోయిన ఏండ్లలో జేబులో పెట్టుకొని తిరిగిన చాకు అది. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో పడి తుప్పు పట్టింది. తెరుద్దామంటే బిగుసుకుపోయింది. “అయ్యగారూ, పాత సామాన్లోనికి వెయ్యనీకి మనసొస్తలేదు” అంది.

మడత దగ్గర కుట్టుమిషను నూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచాం. తెల్లారి మెల్లగా కదిపితే తెరుచుకుంది. నిమ్మరసంలో తడిపిన గుడ్డ చుట్టి, కాసేపయ్యాక గిన్నెలు తోమే పీచుతో రుద్దాం. యవనస్థుడొకడు, “గ్రైండింగ్ చక్రానికి పెడితే రెండు నిమిషాల పని కదా!” అన్నాడు. వద్దన్నాం. ఆ వేడికి ఉక్కు నీలం రంగుకు తిరిగితే దాని గట్టిదనం పోతుంది, తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. అందుకే సానరాయి తడుపుతూ, ఒకే వాలులో చేత్తోనే నూరాం. తుప్పు తిన్న గుంతలు అలాగే ఉన్నాయి. అయినా పురికొస తెగింది.

సంతోషపడి దాన్ని కిటికీలో పెట్టి మరిచిపోయాం. రెండు రోజుల ముసురుకే మళ్లీ ఎర్రబడింది. కడిగిన ఇనుముకు పైన నూనె పొర లేకపోతే తేమ వెంటనే పట్టేస్తుంది. తప్పు చాకుది కాదు, మాది.

ఆ మరకను చూస్తే ఒక సహోదరుడు గుర్తొచ్చాడు. తాగుడు మాని మందిరానికి తిరిగొచ్చినవాడు. అందరి ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించాం, చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఏ పనీ అప్పగించలేదు, సాయంత్రాలు వాళ్లింటికి వెళ్లలేదు. కొన్నాళ్లకు అతడు మళ్లీ పాత చోటికే పోయాడు. అతడి విశ్వాసం గట్టిది కాదని మనం తీర్పు చెప్పుకున్నాం. నూనె రాయనిది మనమే అని ఒప్పుకోలేదు.

గలతీ పత్రిక 6వ అధ్యాయం మొదట్లో, తప్పులో పడినవాణ్ణి సాత్వికంతో సరిచేయమని పౌలు చెప్తాడు. గ్రీకు మూలంలో అక్కడున్న క్రియనే, మత్తయి 4:21లో యాకోబు, యోహాను వలలు బాగుచేసుకునే చోట కూడా వాడారు. వలను బాగుచేసేది గోడకు తగిలించడానికి కాదు, మళ్లీ నీళ్లలో వేయడానికి.

అందుకే మా మనవి ఇది. తిరిగొచ్చినవాణ్ణి కోపంతో చక్రానికి పెట్టవద్దు, సాక్ష్యం చెప్పించి కిటికీలోనూ పెట్టవద్దు. ఆ వారమే అతడికి ఒక పని ఇద్దాం. చాపలు పరిచేదైనా సరే. వారం మధ్యలో ఒక పూట అతడి ఇంట్లో కూర్చుందాం.

చాకును మళ్లీ రుద్ది, నూనె పట్టించి పెద్దమ్మకు ఇచ్చాం. ఇప్పుడు రోజూ దాంతోనే ఉల్లిగడ్డ కోస్తున్నదట. ఆ సహోదరుడి ఇంటికి ఈ బుధవారం సాయంత్రం వెళ్తున్నాం. మాతో ఎవరు వస్తారు?