చిత్రగుప్తుడి చిట్టా ఎవరి చేతిలో ఉంది?

దొర చిట్టా ఎట్లా ఉండేదో మనకు తెలుసు. ఎంత ఇచ్చాడో, ఎంత రాసుకున్నాడో, వడ్డీ ఎట్లా పెరిగిందో ఆయనకే ఎరుక. వేలిముద్ర మాత్రం మనది. తాత తెచ్చిన అప్పుకు మనవడు జీతగాడైన ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి.

ఈ దేశంలో అట్లాంటి చిట్టా ఇంకొకటి ఉంది. అది చిత్రగుప్తుడి దగ్గర ఉందంటారు. మన పాపాలన్నీ అందులో రాసి ఉన్నాయంటారు. పోయిన జన్మ బాకీ ఈ జన్మలో తీరుస్తున్నామంటారు. దాన్ని చూసినోడు లేడు, చదివినోడు లేడు. కట్టేది మాత్రం మనమే.

దొర చిట్టాను 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కొట్టేసింది. వెట్టికి కట్టేసిన అప్పులు చెల్లవని చెప్పింది. అమలు చేయించుకోవడానికి ఇంకా కొట్లాడుతున్నాం, అది వేరే సంగతి. చిత్రగుప్తుడి చిట్టాను కొట్టేసే చట్టం ఏ అసెంబ్లీ చెయ్యదు. దాన్ని మనమే కొట్టెయ్యాలి.

అన్నలారా, అక్కలారా! మంచీ చెడ్డా వద్దని మేము అనడం లేదు. పక్కోడి కూడు లాక్కోకూడదని, ఆపదలో ఉన్నోడికి చెయ్యందించాలని మనోళ్లకు ఏ శాస్త్రీ వచ్చి చెప్పనక్కర్లేదు. మేము అడిగేది ఒక్కటే. ఈ పాపాల పట్టిక ఎవరు రాశారు? ఎవరికి ఎంత లెక్క వేశారు?

మనుస్మృతి పదకొండో అధ్యాయం తెరిచి చూడండి. బ్రాహ్మణుణ్ణి చంపితే మహాపాతకం. క్షత్రియుణ్ణి చంపితే ప్రాయశ్చిత్తం అందులో నాలుగో వంతు. వైశ్యుణ్ణి చంపితే ఎనిమిదో వంతు. బుద్ధిగా నడుచుకునే శూద్రుణ్ణి చంపితే పదహారో వంతు. అంతటితో ఆగలేదు. పిల్లినో, కప్పనో, కుక్కనో, కాకినో చంపితే శూద్రుణ్ణి చంపినప్పుడు చేసే ప్రాయశ్చిత్తమే చెయ్యమని అక్కడే ఉంది. అంటే కాకి ప్రాణమూ శూద్రుడి ప్రాణమూ ఒక్కటే ధర. శూద్రుడికే ఆ ధర పలికితే ఊరి బయట ఉన్న మన ధర ఎంతో మీరే లెక్క వేసుకోండి.

పన్నెండో అధ్యాయంలో ఏ పాపానికి ఏ పుట్టుకో రాశారు. బ్రాహ్మణుణ్ణి చంపినోడు కుక్కగా, పందిగా, గాడిదగా, చండాలుడిగా పుడతాడట. ఛాందోగ్యోపనిషత్తులో కూడా అంతే. చెడు నడవడి ఉన్నోళ్లు కుక్క కడుపునో, పంది కడుపునో, చండాల కడుపునో పుడతారట. మన తల్లి కడుపును నరకం జాబితాలో చేర్చిన చదువు ఇది. మిగతా వాళ్లకు నరకం చచ్చాక. మనకు పుట్టుకే శిక్ష అన్నారు.

ఇందులో ఉన్న మోసం గుర్తుపట్టాలి. పుట్టుకే శిక్ష అని నమ్మిస్తే, బాధపడేవాడు నేరస్తుడవుతాడు, బాధపెట్టేవాడు శిక్ష అమలు చేసే బంట్రోతు అవుతాడు. కూలి ఎగ్గొట్టినోడికి పాపం లేదు, కూలి అడిగినోడు పొగరుబోతు. బావి దగ్గర తరిమినోడికి పాపం లేదు, దప్పికతో బిందె ముంచినోడు మైల చేసినోడు. కాపలా మనిషి ఖర్చు లేదు, లాఠీ ఖర్చు లేదు. మన భయమే మనకు కాపలా.

నరకం భయం దుర్మార్గుల చెయ్యి పట్టుకుంటుందని కొందరు పెద్దలు చెబుతారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ రోజు ఏ యముడు ఎవరి చెయ్యి పట్టుకున్నాడు? కారంచేడు కేసు తేలడానికి 2008 దాకా సుప్రీంకోర్టులో ఎదురు చూడాల్సి వచ్చింది. చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. ఈ కోర్టుల మీద మాకు భ్రమ లేదు. అయినా ఈ కోర్టు తప్పు చేస్తే పై కోర్టుకు పోవచ్చు, రోడ్డెక్కి అడగొచ్చు. యముడి కోర్టులో మనకు వకీలు లేడు, సాక్షి లేడు, అప్పీలు లేదు.

ఈ భయం మన ఆడబిడ్డల బతుకుల్ని ఏం చేసిందో చూడండి. తెలంగాణలో జోగిని అన్నారు, రాయలసీమలో బసివి అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. ఊళ్లో రోగమొస్తే, వాన పడకపోతే, బిడ్డను ఎల్లమ్మకు విడవకపోతే తల్లి కోపిస్తుందని బెదిరించారు. తల్లి పేరు చెప్పి బిడ్డను ఊరి పెద్దలు తిన్నారు. ఏ కామందు కూతురినైనా ఎల్లమ్మ అడిగిందా? ఎప్పుడూ మాల మాదిగ బిడ్డలనే ఎందుకు అడుగుతుంది? దీని మీద భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో నూరేళ్ల కిందటే కొట్లాడాడు. 1988లో చట్టం వచ్చింది. జరిపినోళ్లకూ పాల్గొన్నోళ్లకూ జైలు ఉంది. చట్టం వచ్చినా ఈ దురాచారం పూర్తిగా చావలేదంటే, అమ్మ శాపం భయం పోలీసు భయం కన్నా పెద్దది కాబట్టే.

చావింట్లో కూడా వదల్లేదు. గరుడ పురాణం ప్రకారం యమలోకం దారిలో వైతరణి ఉందట. నెత్తురూ చీమూ పారే నది. గోదానం చేస్తే దాటిస్తుందట. ఆవు లేనోడి గతి ఏమిటి? ఆవు బతికున్నంత కాలం దానం పుచ్చుకునే చేతిది. చచ్చాక ఈడ్చి తోలు తీసేది మాదిగ. పుణ్యం వాళ్లకు, కంపు మనకు. అదే తోలుతో మోట కుట్టిస్తే వాళ్ల పొలాలు పండాయి, మైల మాత్రం మనకే అంటింది.

శిలువ నీడన చేరిన మనోళ్లతో కూడా ఒక మాట. మిషను బడి మనకు పలక ఇచ్చింది, ఆసుపత్రి మందు ఇచ్చింది. ఆ మేలు మరిచిపోము. కానీ దశమభాగం ఇవ్వకపోతే శాపమని, ధర్నాకు పోతే పాపమని, ఇక్కడ ఓర్చుకుంటే అక్కడ సుఖమని చెప్పే బోధకుడు ఎవరికి పని చేస్తున్నట్టు? అక్కడి సంగతి అక్కడ చూసుకుందాం. ఇక్కడి కూలి ఇక్కడే ఇప్పించమనండి.

భయం లేకపోతే మనుషులు చెడిపోరా అని అడుగుతారు. దానికి బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో జవాబు చెప్పాడు. లక్షల మందితో ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించాడు. శ్రాద్ధం పెట్టను, పిండం పెట్టను అనేది అందులో ఉంది. దొంగతనం చెయ్యను, అబద్ధమాడను, తాగను అనేదీ అందులోనే ఉంది. నరకం బెదిరింపు లేకుండా నీతి నిలబడుతుందని చూపించాడు. సాటి మనిషిని మనిషిగా చూడడమే దాని పునాది.

ఇవన్నీ పాత మాటలు, ఇప్పుడెవరు నమ్ముతున్నారు అని పట్నంలో చదివిన తమ్ముళ్లు అంటారు. తమ్ముడూ, పల్లెకు రా. పురిట్లో బిడ్డ చస్తే డాక్టరు ఎందుకు రాలేదని అడగరు, మా ఖర్మ అంటారు. ఇంటి పట్టా రాకపోతే నా రాత అంటారు. ఆ ఒక్క మాటతో డాక్టరు తప్పూ తహసీల్దారు తప్పూ మాఫీ అయిపోతాయి. జాషువా 1941లోనే గబ్బిలంలో ఈ కర్మ సిద్ధాంతాన్ని నిలదీశాడు. మనం ఇంకా నోరు తెరవకపోతే ఎట్లా?

అందుకని మేము పల్లె పల్లెకూ చెప్పేది ఇది. ఖర్మ అనే మాట నోటికొచ్చినప్పుడల్లా ఆ చోట ఒక మనిషి పేరు పెట్టి చూడండి, తప్పు ఎవరిదో బయటపడుతుంది. ఏ బిడ్డనూ ఏ దేవతకూ విడవనివ్వొద్దు, సంగమంతా కలిసి పోలీసు స్టేషన్ ముందు కూర్చోండి. చావుకు అప్పు చెయ్యొద్దు, ఆ డబ్బు పిల్లల ఫీజుకు కట్టండి. కొట్టినోడి పాపం పండుతుందని ఎదురు చూడొద్దు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ రోజే కేసు పెట్టించండి, ఎఫ్ఐఆర్ కాపీ చేతికి తీసుకోండి.

అమ్మవారికి దండం పెట్టే ముసలమ్మను ఎగతాళి చెయ్యొద్దు. ఆమె దండం మీద మాకు తగాదా లేదు. ఆమె భయాన్ని అమ్ముకునేవాడి మీదే మా తగాదా.

మనం పుట్టడం పాపం కాదు. మన తల్లులు కన్నది మనుషుల్ని. ఈ దేశం మనకు బాకీ ఉంది, మనం ఎవరికీ బాకీ లేము. ఇక నుంచి చిట్టా మనం రాద్దాం.

జై భీమ్!