అనుమతి లేని పత్తి గింజ వంటింటి దాకా వస్తోంది

రోహిణి కార్తెతో పాటే పత్తి విత్తనాల బేరాలూ ఊళ్లలోకి దిగుతాయి. వాటిలో దుకాణం గడప తొక్కని బేరం ఒకటుంది. ఆ విత్తనానికి బిల్లు ఉండదు. ప్యాకెట్ మీద పేరు ఉన్నా నమ్మడానికి లేదు. చాలాచోట్ల ప్యాకెట్టే ఉండదు, లూజుగా తూచి ఇస్తారు. పొరుగు రాష్ట్రాల దారుల్లో వచ్చి ఆసిఫాబాద్, మంచిర్యాల పల్లెల్లోకి చొరబడుతున్న ఈ సరుకును కొందరు బీజీ-3 అంటారు, కొందరు గ్లైసిల్ పత్తి అంటారు, ఎక్కువమంది గడ్డి మందు పత్తి అంటారు. ఏ పేరుతో వచ్చినా కొనవద్దు, భూమిలో పెట్టవద్దు. ఈ మాట రైతుకు ఎంత అవసరమో, పత్తి చేను ఎన్నడూ చూడని పట్నవాసికీ అంతే అవసరం.

జన్యుమార్పిడి పంటల్లో మన రైతులు సాగు చేసుకోవడానికి అనుమతి ఉన్నది ఒక్క బీటీ పత్తికే. 2002లో మొదటి రకం వచ్చింది, 2006లో బోల్‌గార్డ్-2 వచ్చింది. గడ్డి మందు పత్తి కథ వేరు. గ్లైఫోసేట్ అనే మందు మొక్క బతకడానికి కావలసిన ఒక ఎంజైమును అడ్డుకుని, పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ చంపుతుంది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పించడంతో ఆ దెబ్బకు పత్తి మొక్క ఒక్కటే నిలుస్తుంది. ఈ రకానికి అనుమతి అడిగిన కంపెనీయే 2016లో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అంటే ఇది క్షేమమని మన దేశంలో ఏ అధికారీ నేటికీ సంతకం పెట్టలేదు. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ చేలలో ఇది ఉందని కేంద్రం పంపిన పరిశీలన బృందమే ఏళ్ల కిందట తేల్చింది.

జన్యుమార్పిడి తిండి మంచిదా చెడ్డదా అన్న వాదన పాతదే. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో వందల పరిశోధనలు పరిశీలించి, అప్పటికి మార్కెట్లో ఉన్న ఆ ఆహారం మామూలు తిండి కన్నా ఎక్కువ హాని చేస్తుందనడానికి ఆధారం దొరకలేదన్నాయి. ఎలుకలకు కణితులు వచ్చాయని 2012లో ఒక ఫ్రెంచి బృందం రాసిన వ్యాసాన్ని, అచ్చువేసిన పత్రికే మరుసటి ఏడాది ఉపసంహరించింది. వరంగల్ ప్రాంతంలో 2006లో పత్తి చేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు మొరపెట్టుకుంటే, బీటీ కారణం కాదని ప్రభుత్వం చెప్పింది. కాపరుల అనుమానం మాత్రం పూర్తిగా తీరలేదు. ఈ వాదనలో ఎటు నిలబడ్డా ఒక మాట ఒప్పుకోక తప్పదు. క్షేమమని చెప్పే నివేదికలన్నీ పరీక్షకు నిలిచిన గింజ గురించి చెప్పినవే. లూజు సంచిలో వచ్చే గింజలో దేనితో ఏది కలిసిందో అమ్మేవాడికే తెలియదు.

బీటీ వంకాయ వచ్చినప్పుడు మనం మేలుకునే ఉన్నాం. అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపేశారు. పత్తి దగ్గర ఆ మెలకువ లేదు. అది కట్టుకునే బట్టకే గానీ తినే తిండికి కాదనుకున్నాం.

పత్తి తినే పంట కూడా. తీసిన పత్తి బరువులో దూది మూడో వంతు, మిగతాదంతా గింజే. జిన్నింగ్ మిల్లులో దూది విడిపోయాక ఆ గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె వంటల్లోకి, వేపుడు చిరుతిళ్లలోకి వెళ్తుంది. చెక్క బర్రెల దాణాలోకి వెళ్తుంది. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, కాబట్టి ఆ నూనె వాడినవాళ్లంతా జబ్బుపడతారని భయపెట్టడం అబద్ధమవుతుంది. చెక్కకు ఆ శుద్ధి లేదు. పైగా మిల్లు కల్లంలో పోసిన రాశిలో అనుమతి ఉన్న గింజ ఏదో, లేనిది ఏదో కంటితో చూసి చెప్పగలవారు లేరు. 2018లో ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ 65 ఆహార నమూనాలు పరీక్షిస్తే 32 శాతంలో జన్యుమార్పిడి ఆనవాళ్లు దొరికాయి; పత్తి గింజల నూనెలూ అందులో ఉన్నాయి. అనుమతి లేనిదే జన్యుమార్పిడి ఆహారం అమ్మరాదని 2006 ఆహార భద్రత చట్టం చెబుతోంది. ప్యాకెట్ మీద జీఎం అని ముద్రించాలన్న నిబంధన 2013లో వచ్చింది. మీ ఇంటి నూనె ప్యాకెట్ ఒకసారి తిప్పి చూడండి.

ఇలా కలిసిపోవడం మన దగ్గరే కాదు. పశువుల దాణాకు మాత్రమే అనుమతించిన స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మొక్కజొన్న 2000లో అమెరికాలో మనుషులు తినే తిండిలో బయటపడింది. సరుకంతా వెనక్కి రప్పించారు. 2006లో అనుమతి లేని వరి రకం ఒకటి అక్కడి బియ్యంలో కలిసి ఎగుమతులు దెబ్బతిన్నాయి; బేయర్ కంపెనీ 2011లో రైతులకు 75 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకుంది. అక్కడ పట్టుకునే పరీక్షలున్నాయి, పరిహారం రాబట్టడానికి ఒక కంపెనీ ఉంది. మన సంచి విత్తనానికి జవాబుదారీ ఎవరు?

ఇక ఆ మందు సంగతి. మన దేశంలో గ్లైఫోసేట్‌ను తేయాకు తోటల్లో, పంట లేని జాగాల్లో వాడటానికే అనుమతించారు. పత్తి మీద కొట్టడానికి కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఆ అంచనాతో ఏకీభవించలేదు. పెద్దలు వాదించుకునే లోపు మన కూలీ చేతికి తొడుగు లేకుండా, మూతికి గుడ్డ కూడా లేకుండా ట్యాంకు వీపున వేసుకుని పిచికారీ చేస్తున్నాడు. గాలి తిరిగితే పక్క చేను కంది మాడిపోతుంది. పత్తి సాళ్ల నడుమ పెట్టుకునే కంది, పెసర ఇక ఉండవు. గట్ల మీద ఆడవాళ్లు కోసుకొచ్చే చెంచలి కూర, తుమ్మి కూర, పొన్నగంటి ఉండవు. కలుపు కూలితో ఇల్లు నడుపుకునే ఆ ఆడవాళ్లకు పనీ ఉండదు. ఈ నష్టాన్ని ఏ లెక్కలోనూ రాయడం లేదు.

రైతు ఆశపడి మాత్రమే కొంటున్నాడనడం అన్యాయం. వారం రోజులు ముసురు పడితే గడ్డి పత్తిని కప్పేస్తుంది. మనుషులు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. ఆ బాధ నిజం. ఈ మార్గం మాత్రం అమెరికా రైతును కాపాడలేదు. మన తోటకూర జాతికే చెందిన ఒక కలుపు జార్జియా పత్తి చేలలో గ్లైఫోసేట్‌కు లొంగడం మానేసింది. అన్ని యంత్రాలున్న రైతులు మళ్లీ చేత్తో కలుపు తీయించాల్సి వచ్చింది. ఈ విత్తనం గులాబీ రంగు పురుగునూ ఆపదు, ఎందుకంటే ఇందులోని బీటీ జన్యువులకు ఆ పురుగు ఎప్పుడో అలవాటుపడింది.

ప్రభుత్వాలు పది కిలోలు కొన్న చిన్న రైతు మీద కాకుండా లారీల్లో తెచ్చే టోకు వ్యాపారి మీద పీడీ యాక్టు పెట్టాలి. జిన్నింగ్ మిల్లుల్లో, నూనె మిల్లుల్లో గింజ నమూనాలు తీసి ఫలితాలు బయటపెట్టాలి. కలుపు ఖర్చుకు సాయం చేయకుండా రైతుకు నీతులు చెప్పి లాభం లేదు. ఉపాధి హామీ పనులను కలుపుతీతకు జోడించే ఆలోచన ఈ వానాకాలంలోనే చేయాలి.

రైతన్నలారా, సీలున్న ప్యాకెట్టే కొనండి, బిల్లు అడిగి తీసుకోండి, ఖాళీ ప్యాకెట్‌ను పంట చేతికొచ్చే దాకా దాచండి. మొలకెత్తకపోయినా, పురుగు తిన్నా పరిహారం అడగడానికి మీకున్న ఆధారం అదే. మీ ఊళ్లో లూజు విత్తనం దిగితే మండల వ్యవసాయాధికారికి ఆ రోజే చెప్పండి.