పరీక్ష కాగితం ఎవరి చేతిలో ఉంది?

భివండి అంటే మనవాళ్ళకు మగ్గాల ఊరు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి తరాలుగా వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ పవర్‌లూమ్‌ల మీదే బతుకుతున్నాయి. 2020 మార్చి చివర్లో ఆ మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పట్టణంలోని ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రిగా మారింది. శాంతినగర్‌లో ఒక మసీదు ఆక్సిజన్ కేంద్రమైంది. కార్మికులు వేలాదిగా సొంతూళ్ళ దారి పట్టారు. ఆసుపత్రుల్లో పనిచేసేవారు మాత్రం కదలడానికి వీల్లేదు.

అలా ఉండిపోయినవారిలో ఎంతమందికి వైరస్ సోకింది? ఆర్‌టీపీసీఆర్ పరీక్ష ఈరోజు ఒంట్లో ఉన్న వైరస్‌ను పట్టుకుంటుంది. దగ్గూ జ్వరమూ లేకుండా వచ్చిపోయినదాని జాడ చెప్పేవి రక్తంలోని యాంటీబాడీలు. ఐసీఎంఆర్ 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో జరిపిన మూడవ సీరో సర్వేలో దేశమంతటా 7,171 మంది ఆరోగ్య సిబ్బందిని పరీక్షిస్తే 25.7 శాతం మందిలో అవి కనిపించాయి. డాక్టర్లు, నర్సుల్లో 26.6 శాతం. ఆఫీసు సిబ్బందిలో 24.9 శాతం. రోగి మంచం దగ్గరికే వెళ్ళని గుమాస్తాకూ దాదాపు అంతే! మరి మాస్కులైనా పరీక్షలైనా హోదా చూసి ఇవ్వడంలో అర్థమేముంది?

సర్వే ఒక్కసారి తీసిన ఫోటో లాంటిది. బ్రిటన్‌లో 2020 జూన్‌లో మొదలైన సైరెన్ అధ్యయనం వేలమంది ఆసుపత్రి ఉద్యోగులకు రెండేసి వారాలకోసారి పరీక్ష చేస్తూ అదే మనుషులను వెంట ఉండి గమనించింది. ఒకసారి సోకినవారికి మళ్ళీ సోకే ముప్పు 83 శాతం తగ్గుతుందని, అయినా అది పూర్తి రక్షణ కాదని తెలిసింది అలాగే.

మన దగ్గర ఈ లెక్కకు ఇంకో అవసరం కూడా ఉండేది. గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. ఔట్‌సోర్సింగ్ వారు, రోజుకూలీలు కూడా అందులో ఉండేవారు. కానీ కోవిడ్‌తో చనిపోయిన వ్యక్తి కుటుంబం ఆ డబ్బు అడగాలంటే పాజిటివ్ ల్యాబ్ రిపోర్టు, కోవిడ్ విధుల్లో ఉన్నట్టు ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ చూపాల్సి ఉండేది. కాంట్రాక్టరు రిజిస్టరులో తప్ప ఎక్కడా పేరు లేని ఆయమ్మకు, స్వీపరుకు అసలు పరీక్షే చేయకపోతే ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చేది? పాజిటివ్ అని తేలిన రోజు నుంచి కూలి ఆగిపోతుందంటే పరీక్షకు ఎవరు ముందుకొస్తారు? క్వారంటైన్ రోజులకు జీతం ఇవ్వకుండా చేసే ఏ సర్వే అయినా సగం నిజమే చెబుతుందని మేము భావిస్తున్నాం.

యువతీ యువకులకు ఒక పని చెబుతున్నాం. మీ సంఘంలో ఆసుపత్రి పనికి వెళ్ళేవారి ఇళ్ళకు వెళ్ళండి. నియామక పత్రం, హాజరు వివరాలు, పరీక్షల రిపోర్టులు, టీకా సర్టిఫికెట్ ఉన్నాయో లేవో అడగండి. అవి మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చదివి చెప్పండి. నకళ్ళు తీయించి వాళ్ళ చేతికే ఇవ్వండి.